దర్వాజా ఏదో తెలీదు, చాబీల గుత్తి కొంటున్నాం

గుణదల అనగానే బయటి ఊళ్లవాళ్లకు మేరీమాత కొండ, ఫిబ్రవరి ఉత్సవాలు గుర్తొస్తాయి. ఇంటర్ చదివే పిల్లలున్న అమ్మీ అబ్బాలకు గుర్తొచ్చేవి వేరు. హాస్టళ్లు, కోచింగులు, ఎంపీసీ, "మీవాడికి ఎన్నొచ్చాయి?" అనే ప్రశ్న. వించిపేట నుంచి, భవానీపురం నుంచి, కొండపల్లి నుంచి, అటు బందరు, నూజివీడు నుంచి మన పిల్లలు కూడా పెట్టె సర్దుకుని అక్కడికే వెళ్తున్నారు. వెళ్లనివ్వండి. తాలీమ్ కోసం ఇల్లు వదిలే బచ్చాకు నేను అడ్డం పడను. నా ఏతరాజ్ అంతా ఆ కోచింగుల పక్కన మొలిచిన ఇంకో సౌదా మీద. దాని పేరు ‘ఫారిన్ ఇంజనీరింగ్ ప్యాకేజీ’.

మొన్నామధ్య వించిపేటలో బైకులు రిపేరు చేసే ఒక భాయ్ ఆ కరపత్రం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఆయన పేరు రాయను, ఆ సంస్థ పేరూ రాయను. నున్నటి కాగితం, మీద విమానం బొమ్మ. లోపల వరసగా పరీక్షలు: శాట్, శాట్ సబ్జెక్ట్ టెస్టులు, ఏపీ, ఈశాట్, టెస్టాస్, జీఆర్‌ఈ జనరల్, జీఆర్‌ఈ ఇంజనీరింగ్. అన్నీ కలిపి రెండేళ్లు. అన్నీ కలిపి రెండు లక్షల ముప్ఫై వేలు. అడ్వాన్సు యాభై వేలు, తిరిగి ఇవ్వబడదు. ఆ భాయ్ నన్ను అడిగింది ఒకటే మాట: "సాబ్, ఇందులో మావాడికి ఏది కావాలి?"

ఏడు తరగతులు చదివిన ఆ తండ్రి అడిగిన సవాల్ ఉంది చూశారూ, అది అక్కడ కౌంటర్‌లో కూర్చున్న టై కట్టుకున్నాయన అడగాల్సింది. అడగలేదు. అడిగితే ప్యాకేజీ అమ్ముడుపోదు. ఆ ఒక్క సవాల్ చుట్టూనే ఈ రాత అంతా.

ముందు మయ్యత్‌ల లెక్క తేల్చుకుందాం. ఆ కరపత్రంలో ఉన్న వాటిలో రెండు ఇమ్తెహాన్లు ఇప్పుడు బతికిలేవు. శాట్ సబ్జెక్ట్ టెస్టులను, అంటే మ్యాథ్స్ లెవెల్ 1, లెవెల్ 2, ఫిజిక్స్, కెమిస్ట్రీ వగైరాలను, నడిపిన కాలేజ్ బోర్డే 2021 జనవరిలో ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. అమెరికాలో వెంటనే ఆగిపోయాయి. మనలాంటి బయటి ముల్కుల పిల్లలకు ఆ ఏడాది మే, జూన్ నెలల్లో ఆఖరిసారి పెట్టి ముగించారు. ఇక జీఆర్‌ఈ సబ్జెక్ట్ టెస్టుల్లో ఇంజనీరింగ్ పేపరు పోయి ఇరవై ఏళ్లు దాటింది. కంప్యూటర్ సైన్స్ పేపరు 2013లో పోయింది. ఇప్పుడు మిగిలినవి మూడే: మ్యాథమెటిక్స్, ఫిజిక్స్, సైకాలజీ. ఇంజనీరింగ్‌లో ఎంఎస్‌కు వెళ్లే పిల్లవాడికి మామూలుగా ఈ మూడింటితో పని పడదు. అంటే మన దగ్గర డబ్బు తీసుకుని, లేని పరీక్షకు తయారు చేస్తామంటున్నారు. దీన్ని తిజారత్ అంటారా, ధోకా అంటారా? మీరే చెప్పండి.

ఇక బతికున్నవాటి సంగతి. ఒక్కో ఇమ్తెహాన్ ఒక్కో దర్వాజాకు చాబీ. ఒక ఇంటి చాబీ ఇంకో ఇంటికి పట్టదు. అందుకే ఏ దర్వాజా ముందు నిలబడతామో తేల్చుకోకుండా గుత్తి మొత్తం కొనడం అక్లమందీ కాదు.

అమెరికా తీసుకోండి. ఇంటర్ కాగానే అక్కడ బీటెక్ లాంటి కోర్సులో చేరాలంటే చాలా యూనివర్సిటీలు శాట్ మార్కులు ఇవ్వడం, ఇవ్వకపోవడం మీ ఇష్టం అంటున్నాయి. కొన్ని తప్పదంటున్నాయి. ఎంఐటీ మధ్యలో ఆపి, 2022 మార్చిలో మళ్లీ తప్పనిసరి చేసింది. సబ్జెక్ట్ టెస్టులు పోయాక వాటి జాగాలో మన దగ్గర ఏపీ పేరు అమ్ముతున్నారు. ఏపీ అంటే మన ఆంధ్రప్రదేశ్ కాదు లెండి, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అమెరికా హైస్కూలు పిల్లలు స్కూల్లోనే చదివి మే నెలలో రాసే పరీక్షలు అవి. మన పిల్లవాడి స్కూల్లో లేని కోర్సును వాడు ఎందుకు చదవలేదని అక్కడివాళ్లు సాధారణంగా అడగరు. ఇంటర్ మార్కులు చూస్తారు. ఏపీ రాస్తే మంచిదే కావచ్చు. రాయకపోతే తలుపు మూసేస్తారన్నది మాత్రం అమ్మేవాడి మాట.

బ్రిటన్ తీసుకోండి. ఈశాట్ అనేది 2024లో మొదలైంది. కేంబ్రిడ్జ్, ఇంపీరియల్ లాంటి కొన్నిచోట్ల ఇంజనీరింగ్‌కు అడుగుతారు. ఒక్కో భాగం 40 నిమిషాలు, 27 ప్రశ్నలు, క్యాలిక్యులేటర్ ఉండదు. ఇంజనీరింగ్ పిల్లలు రెండు మ్యాథ్స్ భాగాలు, ఒక ఫిజిక్స్ భాగం రాస్తారు. మన ఎంపీసీ పిల్లలకు ఈ సిలబస్ కొత్తేమీ కాదు. కొత్తది ఫీజు. బయటి ముల్క్ పిల్లలకు అక్కడ ఇంజనీరింగ్ ఏడాది ఫీజే నలభై వేల పౌండ్ల దగ్గర ఉంటుంది. మన రూపాయల్లో నలభై లక్షలకు పైనే. తిండి, గది వేరే. నెలకు ముప్ఫై వేలు సంపాదించే ఇంట్లో ఈశాట్ కోచింగ్ కొనడమంటే, గుర్రం లేకుండా బంగారు జీను కొన్నట్టు.

జర్మనీ తీసుకోండి. ఇక్కడే అసలు తమాషా ఉంది. అక్కడ చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ అనే రాష్ట్రంలో సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటారు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి బయటివాళ్ల దగ్గర ఫీజు మొదలుపెట్టింది. మిగతా చాలాచోట్ల సెమిస్టర్‌కు కొద్దిపాటి రుసుము కట్టి చదువుకోవచ్చు. మరి దాని చాబీ ఏది? మన ఇంటర్ పాసైన పిల్లవాడు నేరుగా చేరలేడు. ఇంటర్ సబ్జెక్టులు, మార్కులు వాళ్ల షరతులకు సరిపోయాక మూడు రాస్తాలున్నాయి. ఒకటి, జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో క్వాలిఫై కావడం. రెండు, ఇక్కడే గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో ఒక ఏడాది చదివి పాసై, అదే రంగంలో అక్కడ దరఖాస్తు చేయడం. మూడు, జర్మనీలో స్టుడియెన్‌కొలెగ్ అనే తయారీ కాలేజీలో చదివి దాని ఆఖరి పరీక్ష రాయడం. కరపత్రంలోని టెస్టాస్ కొన్ని యూనివర్సిటీలు అడుగుతాయి, కొన్నిచోట్ల ఉంటే మేలు చేస్తుంది, చాలాచోట్ల దానితో పని లేదు. కాగితాలు అసలైనవో కావో చూసే ఏపీఎస్ సర్టిఫికెట్ మాత్రం 2022 నవంబరు నుంచి మన దేశం పిల్లలకు తప్పనిసరి.

గమనించారా? గుణదల హాస్టల్లో మీ అబ్బాయి రాత్రి పదకొండు దాకా కూర్చుని రుద్దుతున్న ఆ జేఈఈయే జర్మనీకి కూడా ఒక చాబీ. అది రాకపోయినా కానూరులోనో గుంటూరులోనో బీటెక్ మొదటి ఏడాది శ్రద్ధగా చదవడం ఇంకో చాబీ. దానికి విమానం బొమ్మ కరపత్రం అవసరం లేదు. అవసరమైంది ఇంకోటి ఉంది, దాన్ని మాత్రం ఎవరూ అమ్మడం లేదు: జర్మన్ జబాన్. బీటెక్ స్థాయి కోర్సులు అక్కడ ఎక్కువగా జర్మన్‌లోనే నడుస్తాయి. మన పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, బడిలో తెలుగు, ఇంగ్లీషు రాస్తారు, మక్తబ్‌లో అరబీ హర్ఫులు చదువుతారు. మూడు లిపులు వచ్చిన బచ్చాకు నాలుగో జబాన్ అంటే భయమెందుకు? రెండేళ్లు ఆ జబాన్ మీద పెడితే అది కదా తయారీ!

ఇక బీటెక్ అయ్యాక ఎంఎస్. దీనికి అడిగేది జీఆర్‌ఈ జనరల్. 2023 సెప్టెంబరులో దాన్ని రెండు గంటల లోపుకు కుదించారు. చాలా యూనివర్సిటీలు అడగడమే మానేశాయి. ఇంటర్‌లో చేరిన పదహారేళ్ల పిల్లవాడికి, ఐదారేళ్ల తర్వాత అవసరపడొచ్చో లేదో తెలియని జీఆర్‌ఈని ఇప్పుడే అంటగట్టడం ఏమిటి? అఖీఖా రోజున వలీమా భోజనాలకు అడ్వాన్సు తీసుకున్నట్టు లేదూ?

ఇప్పుడు అసలు కిటుకు చెబుతాను. మన పిల్లలకు లెక్కలు రావని కాదు వాళ్లు వెనకబడేది. మన ఈఏపీసెట్ చూడండి. 180 నిమిషాల్లో 160 బిట్లు. 80 మ్యాథ్స్, 40 ఫిజిక్స్, 40 కెమిస్ట్రీ. తప్పు రాసినా మార్కు పోదు. బిట్టుకు నిమిషం పైన ఏడు సెకన్లు. దీనికోసం మనం పిల్లల్ని చూడగానే గుర్తుపట్టి గీత పెట్టేలా తయారు చేస్తాం. ఇప్పుడు శాట్ చూడండి. మొత్తం 98 ప్రశ్నలు, రెండు గంటల 14 నిమిషాలు. మ్యాథ్స్ 44 ప్రశ్నలకు 70 నిమిషాలు. అంటే ప్రశ్నకు నిమిషంన్నర, పైగా స్క్రీన్ మీదే క్యాలిక్యులేటర్ ఇస్తారు. గుణదల పిల్లవాడికి ఇది సెలవుల్లో చేసే హోంవర్కు. కానీ మిగతా 54 ప్రశ్నలు ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోవాల్సినవి. చిన్న చిన్న పేరాలు. రచయిత ఏమంటున్నాడు, ఈ వాక్యం ఆ వాదనకు బలమా కాదా, ఇక్కడ ఏ మాట సరిపోతుంది? మార్కుల్లో సగం వాటికే. మనవాడు తడబడేది అక్కడ. రెండేళ్లు హాస్టల్లో ఒక్క అఖ్బారు, ఒక్క కథల పుస్తకం చేత్తో పట్టుకోని పిల్లవాడు తడబడక ఏం చేస్తాడు?

నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగు డిగ్రీ చేసినవాణ్ని. జబాన్ మారితే తల ఎంత తిరుగుతుందో నాకు తెలుసు. అది ఏ ప్యాకేజీతోనూ రాలేదు. రోజూ పత్రిక బిగ్గరగా చదవడంతో వచ్చింది, అర్థం కాని మాట కింద గీత గీసి ఉస్తాద్‌ని అడగడంతో వచ్చింది. ఇంగ్లీషుకైనా, జర్మన్‌కైనా అదే తరీకా. అడ్డదారి అమ్మేవాడు అబద్ధమాడుతున్నాడు.

మరి మెటీరియల్ సంగతి? అది కూడా ఉచితమే. శాట్ నడిపే కాలేజ్ బోర్డు తన బ్లూబుక్ యాప్‌లో పూర్తి నమూనా పరీక్షలు పైసా లేకుండా ఇస్తుంది. ఖాన్ అకాడమీ వాళ్లతో కలిసి 2015 నుంచి ఉచితంగా పాఠాలు చెబుతోంది. జీఆర్‌ఈ నడిపే ఈటీఎస్ రెండు నమూనా పరీక్షలు ఉచితంగా ఇస్తుంది. ఈశాట్‌కు, టెస్టాస్‌కు కూడా నమూనా ప్రశ్నలు వాళ్ల సైట్లలోనే ఉన్నాయి. కరపత్రంలో ‘ప్రత్యేక స్టడీ మెటీరియల్’ అని మెరిసే అక్షరాల్లో వేసినదాంట్లో ఎంత భాగం ఈ ఉచిత సరుకు జిరాక్స్ కాపీయో, డబ్బు కట్టినవాళ్లు ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇక్కడ ఒక జవాబు వస్తుంది, నాకు తెలుసు. "సాబ్, మీరు చదువుకున్నవారు. మేం చదువుకోలేదు. ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. పిల్లవాడు ఒంటరిగా కూర్చోడు. కోచింగ్‌లో కనీసం పాబందీ ఉంటుంది కదా." ఈ మాటలో నిజముంది. దాన్ని నేను కొట్టిపారేయను. పాబందీ ఖరీదు చేయదగిన వస్తువే. అయితే పాబందీనే కొనండి, గుత్తిని కాదు. ఒక మంచి ఇంగ్లీషు ఉస్తాదో, ఉస్తానీనో వారానికి నాలుగు రోజులు పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తే, దానికి ఇచ్చే ఫీజు హలాల్. ఫలానా యూనివర్సిటీ ఫలానా పరీక్ష అడుగుతోందని తేలాక, ఆ ఒక్క పరీక్షకు మూణ్నెల్ల కోచింగ్ తీసుకున్నా తప్పులేదు. చదువుకోని తల్లిదండ్రుల బేబసీని చూసి ఏడు పరీక్షలు ఒక మూటగట్టి అమ్మడం మీదే నా కోపం.

కోపం వాళ్ల మీద సగమే. మిగతా సగం మన మీద. మనం ఈ ప్యాకేజీ ఎందుకు కొంటున్నాం? ఖౌఫ్‌తో కొంటున్నాం, ఇజ్జత్ కోసం కొంటున్నాం. "మావాడు శాట్‌కు ప్రిపేరవుతున్నాడు" అని దావత్‌లో చెప్పుకోవడానికి బాగుంటుంది. పక్కింటి ఫలానా సాబ్ కొడుకు చేరాడు కాబట్టి మనవాడు చేరాలి. ఏ ముల్క్, ఏ కోర్సు, నాలుగేళ్ల ఖర్చు ఎంత, ఎక్కడినుంచి తెస్తాం? ఈ హిసాబ్ మాత్రం చివరికి వాయిదా. మేక కొనేటప్పుడు పళ్లు చూసి, పట్టుకుని తూచి కొంటాం. పిల్లవాడి జిందగీ విషయంలో బొమ్మ చూసి సంతకం పెడతామా?

ఆ హిసాబ్ మనకు మిగతావాళ్ల కంటే కష్టం. ఎందుకంటే మన ఇళ్లలో సూద్ అనే మాట దగ్గర చాలామంది ఆగిపోతారు. ఆగాలి కూడా. బ్యాంకు విద్యా రుణం అంటే సూద్. విదేశాల్లో చదివే మైనారిటీ పిల్లల రుణాలకు వడ్డీ భారం తగ్గించడానికి కేంద్రం 2013-14లో ‘పఢో పర్‌దేశ్’ తెచ్చింది. 2022-23లో దాన్ని ఆపేసింది. తెలంగాణలో మైనారిటీ పిల్లల విదేశీ పీజీ చదువుకు ఇరవై లక్షల దాకా ఇచ్చే పథకం 2015 నుంచి ఉంది, కానీ అది అక్కడి పిల్లలకు. జర్మనీలో ఫీజు లేకపోయినా, వీసా కోసం ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు ముందే ఖాతాలో వేసి చూపించాలి. నెలకు 992 యూరోల చొప్పున అది పిల్లవాడికే తిరిగి వస్తుంది, కానీ ముందు పోగుచేయాలి కదా. దాదాపు పన్నెండు లక్షలు. ఇప్పుడు చెప్పండి, కరపత్రానికి ఇచ్చిన రెండు లక్షల ముప్ఫై వేలు ఈ పన్నెండు లక్షల్లో ఎంత వంతు? దాదాపు ఐదో వంతు. దర్వాజా దగ్గర పనికొచ్చే సొమ్మును రోడ్డు మీదే పంచేసి వస్తున్నాం.

ఆ సొమ్ము ఎక్కడిది అన్నది ఇంకో బాధ. చాలా ఇళ్లలో అది అమ్మీ జేవర్. బేటీ నికాహ్ కోసమని దాచిన నాలుగు కాసులు. కొడుకు శాట్ కోసం అవి తాకట్టు దుకాణానికి వెళ్తాయి, అక్కడ కూడా సూదే. ఆ బేటీ కూడా ఎంపీసీ చదువుతూ ఉండొచ్చు. అన్న కంటే మార్కులు ఎక్కువే వచ్చి ఉండొచ్చు. ఆమెను ఎవరూ ఏ కౌంటర్‌కూ తీసుకెళ్లరు. ఈ ఇమ్తెహాన్లలో ఒక్కటి కూడా అబ్బాయా అమ్మాయా అని మార్కులు వేయదు. బ్లూబుక్ యాప్ ఇంట్లో కూర్చుని రాయొచ్చు, పర్దాకూ దానికీ పేచీ లేదు. అన్న కోసం అయ్యే ఖర్చులో వందో వంతుతో చెల్లి చదువుకోగలదు. ఆమెను అడిగి చూడండి.

కాబట్టి నా మష్వరా ఇది. కౌంటర్ దగ్గర రశీదు రాయించే ముందు మూడు సవాళ్లు అడగండి. మొదటిది: ఏ ముల్క్, ఏ యూనివర్సిటీ, ఏ కోర్సు ఈ పరీక్ష అడుగుతోంది? ఆ యూనివర్సిటీ సైట్‌లోనే నాకు చూపించండి. రెండోది: ఈ పరీక్షకు ఉచిత నమూనా పేపరు ఉందా? ఉంటే మావాడు ముందు అది రాస్తాడు, ఎక్కడ తగ్గాడో చూసి ఆ ఒక్కదానికే ఫీజు కడతాం. మూడోది: సీటు వస్తే మొత్తం ఖర్చు ఎంత? మూడింటికీ కాగితం మీద జవాబు ఇస్తే ఆలోచించండి. "ముందు చేరండి, తర్వాత చూద్దాం" అంటే సలామ్ చెప్పి వచ్చేయండి.

ఇక మస్జిద్ కమిటీల సదర్ సాబ్‌లకు, పెద్దలకు ఒక అర్జ్. ప్రతి జల్సాలో ఇల్మ్ గొప్పదనం మీద తకరీర్లు వింటున్నాం. బాగున్నాయి. మన మస్జిద్‌ల పైన, పక్కన తాళం వేసి ఉన్న గదులు ఎన్ని? అందులో ఒక గది, రెండు పాత లాప్‌టాప్‌లు, ఒక ఇంటర్నెట్ కనెక్షన్, రోజుకు రెండు అఖ్బార్లు. ఆదివారం జొహర్ తర్వాత పిల్లలు గడియారం పెట్టుకుని నమూనా పరీక్ష రాస్తారు. బయట చదివి వచ్చినవాళ్లు, బయటే ఉన్నవాళ్లు ఫోన్‌లో వాళ్లతో మాట్లాడతారు. అమ్మాయిలకు వేరే వేళ పెట్టండి. మిగిలిన సొమ్ముతో కర్జె హసనా ఇవ్వడానికి మహల్లా బైతుల్‌మాల్ ఒకటి మొదలుపెట్టండి. పన్నెండు లక్షలు ఒక ఇంటికి కొండ. ఒక మహల్లాకు కాదు. వెళ్లినవాడు తిరిగి కడతాడు, అది ఇంకొకరికి చేరుతుంది.

గుణదల కౌంటర్‌లో మన పిల్లలు ఒక్కొక్కరుగా నిలబడితే గాహక్‌లు. మహల్లా గదిలో పదిమంది కలిసి కూర్చుంటే తాలిబే ఇల్మ్‌లు. ఏ మస్జిద్ కమిటీ గది తాళం తీస్తుందో చెప్పండి. మొదటి లాప్‌టాప్ నేను తెస్తాను.